ఎండ తగలని ఇసుకతో మూడు రోజులు

తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రేపల్లె, రేపల్లె నుంచి మళ్ళీ తెనాలి. దీన్ని యాత్ర అంటే నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మా బజార్లో ఇప్పటికే నవ్వుతున్నారు. "కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఇన్ని రోజులు చెప్పలేదు జీవరత్నం" అని టీ కొట్టాయన అననే అన్నాడు. నిజమే, గంటన్నర దూరంలో ఉన్న ఊళ్ళకి వెళ్ళొచ్చాను. కానీ నేను చూసినవి రోజూ ఆ దారిన బస్సులో వెళ్ళేవాళ్ళెవరూ చూడలేదని పందెం కాస్తాను. అందుకే రాస్తున్నాను.

తెనాలి: ఎర్ర బల్బుకి మళ్ళీ పని

ముప్పై అయిదేళ్ళుగా నాది ఫోటో స్టూడియో. ఇప్పుడందులో జిరాక్సు ఎక్కువ, ఫోటో తక్కువ. వెనక మాత్రం డార్క్ రూమ్ అలాగే ఉంది, ఎర్ర బల్బు ఉంది, పాత కెమెరా మీద కప్పుకునే నల్లగుడ్డ ఉంది. ఆ గదిలో ఉల్లిపాయలు పోసుకుంటానని మా ఆవిడ, వీల్లేదని నేను, పదేళ్ళుగా పోట్లాడుకుంటున్నాం.

మే నెలలో ఒక పొద్దున మా అక్క కూతురు షారోన్ వచ్చి స్టూడియో గుమ్మంలో నిలబడింది. భుజాన సంచి, చేతిలో సుత్తి, కాళ్ళకి మోకాళ్ళ దాకా బూట్లు.

"మావయ్యా, నీ నల్లగుడ్డ ఇంకా ఉందా?" అంది, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా.

"ఉంది. ఏం, ఫోటో తీయించుకుంటావా?"

"నాక్కాదు. ఇసుకకి."

షారోన్ యూనివర్సిటీలో భూమి గురించి పరిశోధన చేస్తోంది. మన డెల్టా అంతా కృష్ణ తెచ్చి పోసిన మట్టేనని, ఒకప్పుడు సముద్రం చాలా లోపలికి ఉండేదని, ఒడ్డు వెనక్కి జరిగినప్పుడల్లా ఒక పొడుగాటి ఇసుక గట్టుని వదిలేసి పోయిందని చెప్పింది. వాటినే మనవాళ్ళు దిబ్బలంటారు. ఏ దిబ్బ ఎప్పటిదో తెలిస్తే సముద్రం ఎప్పుడు ఎక్కడుందో తెలుస్తుందట.

"ఇసుకకి వయసెలా తెలుస్తుందే? దానికేమన్నా బర్త్ సర్టిఫికెట్ ఉందా?"

"చీకటే దాని సర్టిఫికెట్ మావయ్యా" అంది.

ఇసుక రేణువు కింద కూరుకుపోయి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న మట్టిలోంచి కొంచెం కొంచెంగా శక్తిని దాచుకుంటుందట. ఎండ తగిలిందా, దాచుకున్నదంతా వదిలేసి మళ్ళీ సున్నా నుంచి మొదలు. వెలుతురు తగలకుండా గొట్టంలో బిగించి లాబ్‌కి తీసుకెళ్తే అక్కడ ఎర్రదీపం కింద తెరిచి, దాచుకున్నదంతా మిణుగురులా వెలిగేలా చేసి, ఆ వెలుగెంతో కొలిచి, అది ఆఖరిసారి సూర్యుణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో లెక్కగడతారు. ఎర్రదీపం అనగానే నా ప్రాణం లేచొచ్చింది. అది నా శాస్త్రమే కదా!

సముద్రం పక్కనుండే దిబ్బల ఇసుక షారోన్‌కి పోయినేడే దొరికింది. దొరకనిది లోపలి పాత దిబ్బ. దానికోసం రెండుసార్లు వచ్చి వట్టి చేతుల్తో వెళ్ళింది. వచ్చే సోమవారం లాబ్‌లో మిషను మీద దాని వంతు. అది తప్పితే మళ్ళీ ఏడాదికి. ఏడాది దాకా ఆగే వీల్లేదు, ఫెలోషిప్ ఈ ఏటితో సరి. మధ్యలో ఉన్నవి మూడు రోజులు. ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది గాని గోళ్ళు చూస్తే అన్నీ కొరికేసి ఉన్నాయి. నేను వెంటనే స్టూడియోకి తాళం వేశాను.

బాపట్ల: ఫోటోకి ఎంతండి?

మొదటి పని సూర్యలంక బీచ్‌లో. ఇవాళ్టి సముద్రపు ఇసుక కూడా ఒక గొట్టం కావాలట. పాత ఇసుక ఎంత పాతదో తేల్చాలంటే కొత్త ఇసుక ఏమంటుందో తెలియాలి కదా.

మిట్టమధ్యాహ్నం చిన్న గొయ్యి తవ్వి, నల్లగుడ్డ కప్పుకుని, అందులో తల దూర్చి ఇనప గొట్టాన్ని సుత్తితో అడ్డంగా దిగ్గొట్టడం నా వంతయింది. లోపల ఉక్క, చెమట, నోట్లో ఇసుక. రెండు చివరలా మూతలు బిగించి, నల్ల టేపు చుట్టి, గుడ్డలోంచి తల బయటికి పెట్టాను. ఎదురుగా పిడుగురాళ్ళ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి, తాతగారి దగ్గర్నుంచి చంకలో పాప దాకా, వరసగా నిలబడి నావైపు చూసి నవ్వుతోంది.

"అయిపోయిందా అండి?" అన్నాడు ఇంటాయన, నవ్వు చెదరనివ్వకుండా.

"ఏంటండి?"

"ఫోటో అండి. పాతకాలం కెమెరా అని మా నాన్న గుర్తుపట్టారు. ఎంతండి ఫోటోకి?"

నల్లగుడ్డ కింద కెమెరా లేదు, ఇసుకే ఉందని చెప్తే ఆ పెద్దాయన మొహం చిన్నబోయింది. పెళ్ళినాడు అలాంటి గుడ్డ ముందే నిలబడ్డాడట. నాకు మనసొప్పలేదు. మళ్ళీ గుడ్డ కప్పుకుని, లోపల ఫోను పట్టుకుని, "కదలొద్దు, రెడీ!" అని అరిచి ఫోటో తీసి పంపించాను. పెద్దాయన నా చేతిలో బలవంతాన గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోశాడు.

సాయంత్రం ఊళ్ళోకొచ్చి దిబ్బరొట్టె తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు, పక్కన అల్లం పచ్చడి, బెల్లం పాకం. తెనాలిలో జిలేబీకి బెల్లం పాకం పోస్తాం గాని రొట్టెని మాత్రం ఆవకాయతో తింటాం. ఇక్కడ రెండూ కలిపి ఒకే ముద్దలో పెట్టుకుంటున్నారు. ముందు మొహం చిట్లించాను, తర్వాత రెండో ప్లేటు చెప్పాను. షారోన్ మాత్రం రొట్టెని చెంచాతో అడ్డంగా కోసి పెట్టుకుని దాని అంచునే చూస్తోంది.

"ఇదిగో మావయ్యా, పైన మాడిన పొర ఉందే, అది మనుషులు దున్నింది, తవ్వింది. మనకి అక్కర్లేదు. కింద మెత్తగా తెల్లగా ఉంది చూడు, అది కావాలి."

"ముందు తినవే. చల్లారితే దాని వయసు మనకెందుకు?"

కర్లపాలెం: ఏ దిబ్బ కావాలండి?

షారోన్ దగ్గర పైనుంచి తీసిన మ్యాపు ఉంది. అందులో దిబ్బలు వంపులు వంపులుగా కనిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని కర్లపాలెంలో దిగాం. మ్యాపులో గుర్తు పెట్టిన చోట దిబ్బ లేదు. రొయ్యల చెరువుంది. రెండో చోట ప్లాట్లకి పాతిన రాళ్ళున్నాయి.

షారోన్ ఉండబట్టలేక దారిన పోయే ఒకాయన్ని ఆపి, "బాబాయ్‌గారూ, ఇక్కడ బాగా పాత దిబ్బ ఎక్కడుందండి?" అని అడిగింది.

ఆయన మమ్మల్ని, మా సుత్తిని, గొట్టాల్ని ఎగాదిగా చూసి, "మీరు పైనుంచి వచ్చారా అండి? రండి రండి, ఇన్నాళ్ళకి వచ్చారు" అంటూ మర్యాదగా వెంట తీసుకెళ్ళాడు. ఊరి చివర చెత్తకుప్ప ముందు నిలబెట్టాడు. చీపురు పట్టుకున్న ఒకావిడ కూడా వచ్చి చేరింది.

"ఇదేనమ్మా. నేను పుట్టకముందు నుంచి ఉంది. ఇంతకంటే పాతది మండలంలో లేదు" అంది ఆవిడ గర్వంగా.

షారోన్ మొహం చూడాలి! దిబ్బ అంటే ఇసుక దిబ్బని, చెత్తదిబ్బ కాదని విడమరిచేసరికి నాకు నవ్వాగక కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆయనా నవ్వాడు గాని తర్వాత అన్న మాట మాత్రం నవ్వులాట కాదు. "ఇసుక దిబ్బలా? అవి ఇప్పుడు ఎక్కడున్నాయమ్మా. మా ఇంటి పునాదుల్లో కొంత, ఈ రోడ్డు కింద కొంత. మీరు నిలబడింది దాని మీదే."

తిరిగొస్తుంటే షారోన్ మ్యాపు మీద ఆ రెండు గుర్తులూ కొట్టేసింది. ఎండకి, ఇసుక పడి నులిమినందుకు కళ్ళు ఎర్రబడ్డాయనుకున్నాను. ఉత్త ఇసుకే కాదని కాసేపటికి అర్థమైంది. "ఇంకొకటుంది మావయ్యా, ఆఖరిది. అదీ లేకపోతే ఇంటికెళ్ళిపోదాం" అంది.

పిట్టలవానిపాలెం: కత్తితో ఎదురొచ్చిన సీతారావమ్మ

పిట్టలవానిపాలెం దాటాక కోతలైపోయిన వరిపొలాల మధ్య ఉంది అది. ఎత్తు పెద్ద లేదు, మనిషెత్తుకి కొంచెం ఎక్కువ. దాని మీద తాటిచెట్లు, జీడిమామిడి. చుట్టుపక్కల అంతా బల్లపరుపుగా ఉన్న నేలలో అదొక్కటీ అలా పడుకుని ఉంది. షారోన్ ఆటో ఆగకముందే దూకి పరిగెత్తింది.

చెట్ల కింద నుంచి అరవై అయిదేళ్ళ ఆవిడ ముంజలు కొట్టే కత్తితో ఎదురొచ్చింది. పేరు సీతారావమ్మ అని తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది కత్తి ఒక్కటే.

"లారీ ఎక్కడ పెట్టి వచ్చారు?" అంది.

"లారీ లేదండి అక్కయ్యగారూ, ఆటోనే" అన్నాను.

"ముందు ఆటోలో వస్తారు, చూసి పోతారు, తర్వాత లారీ వస్తుంది. ఇసుక అమ్మనని మీ వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలయ్యా? మా మరిది చెప్పినా అమ్మను, మా అబ్బాయి చెప్పినా అమ్మను. పొండి!"

షారోన్ భయపడుతుందనుకున్నాను. ఆ పిల్ల దిబ్బ వారనున్న నీళ్ళ గుంట దగ్గరికి వెళ్ళి, దోసిలి పట్టి, ఒక గుక్క తాగి, "తియ్యగా ఉన్నాయండి! పక్క పొలంలో ఉప్పు కదండీ?" అంది.

ఆ ఒక్క మాటకి కత్తి కిందికి దిగింది. ఆ గుంటని అక్కడ దొరువంటారు. పడ్డ వాననీళ్ళని దిబ్బ ఇసుకలో పట్టి ఉంచుతుందని, అవే దొరువులోకి ఊరతాయని, దిబ్బ పోతే కిందనున్న ఉప్పునీళ్ళు పైకొస్తాయని షారోన్ చెప్తుంటే సీతారావమ్మగారు నోరు తెరుచుకుని విన్నది.

"మా అత్తగారు ఇదే చెప్పేదమ్మా. దిబ్బ తవ్వితే దొరువు ఉప్పవుద్ది అని. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పిందంట. నేను ఆ మాట చెప్తే ఇంట్లో నవ్వుతారు. అత్తల మాటలు, చాదస్తం అంటారు. పక్కవాళ్ళందరూ అమ్ముకున్నారు, నేనే పిచ్చిదాన్నయ్యాను." షారోన్‌ని దగ్గరికి పిలిచి అడిగింది. "చదువుకున్నదానివి. నువ్వు చెప్పిందీ, దీని వయసెంతో, నాకు కాగితం మీద రాసిస్తావా?"

"గొట్టం లాబ్‌కి క్షేమంగా చేరితే రాసిస్తానండి."

"అయితే తీసుకో. కానీ ఒక్క గొట్టమే, ఒక్కసారే. మళ్ళీ వచ్చి ఇంకోటి అన్నారంటే మీరూ లారీ వాళ్ళే."

రొమ్ముల్లోతు గొయ్యి తవ్వేసరికి మధ్యాహ్నం దాటింది. వేళ్ళు, తేగల గుంటల ఆనవాళ్ళు, అన్నీ దాటాక దిబ్బరొట్టె లోపలిలా మెత్తటి లేత పసుపు ఇసుక వచ్చింది. షారోన్ దాన్ని చెయ్యి తగలనివ్వకుండా చూస్తూ నిలబడింది. నేను నల్లగుడ్డ కప్పుకుని గొట్టం దిగ్గొట్టాను. ఆఖరి దెబ్బకి గొట్టం పూర్తిగా దిగింది, నా ప్యాంటు వెనక నిలువునా చిరిగింది. పైన సీతారావమ్మగారు, షారోన్ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వడం గుడ్డలోంచే వినిపించింది.

సీతారావమ్మగారు పోయిన వాళ్ళాయన తెల్లపంచె ఒకటి తెచ్చిచ్చింది. ఇంట్లో మామిడికాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు. తర్వాత ముంజలు. తెనాలిలో ముంజలు కొనాలంటే డజను నూటయాభై చెప్తాడు, అందులో నాలుగు ముదిరినవి కలుపుతాడు. ఇక్కడ ఆవిడ కొడుతూనే ఉంది, నేను బొటనవేలుతో పొడిచి జుర్రుతూనే ఉన్నాను. లెక్క పెట్టడం షారోన్ మానేసింది గాని నేను పదిహేడు దాకా పెట్టాను. పొద్దుగూకే ముందు దిబ్బ మీద తాటిచెట్టు పక్కన, చేతిలో కత్తితో, ఆవిడ ఫోటో తీశాను. కత్తి పక్కన పెట్టమంటే పెట్టనంది.

నగరం: మర్యాదలో మర్యాద

ఆ రాత్రి ఆవిడ ఇంటి వసారాలోనే పడుకున్నాం. మూడో రోజు పొద్దున ఆటోలో రేపల్లె వైపు. పెనుమూడి రేవులో కృష్ణ ఇసుక ఒక గొట్టం తీసుకుంటే పని పూర్తి. గొట్టాన్ని నల్లగుడ్డలో చుట్టి, తెల్ల దారంతో కట్టి, ఆటో కుదుపులు తగలకుండా షారోన్ రెండు చేతులా ఒళ్ళో పట్టుకుంది.

దారిలో నగరం అనే ఊళ్ళో టిఫిన్‌కి ఆగాం. ఇప్పుడు మా వాలకం ఒకసారి చూడండి. నాకు మూడు రోజుల గడ్డం, ఒంటిమీద తెల్లపంచె. పిల్లకి ఏడ్చినట్టు ఎర్రకళ్ళు. చేతిలో గుడ్డ చుట్టి దారం కట్టిన మూట. వెళ్ళేది కృష్ణ రేవుకి. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ముప్పై అయిదేళ్ళు తెనాలిలో అందరి పెళ్ళిళ్ళకీ, పెద్దకర్మలకీ ఫోటోలు తీసిన నాకు మాత్రం అర్థం కాలేదు. కారణం ఏమిటంటే అప్పుడే పెనం మీద నెయ్యి వాసన వచ్చింది.

హోటలాయన గల్లా పెట్టె వదిలి లేచొచ్చాడు. గొంతు తగ్గించి, "పెద్దవాళ్ళామ్మా?" అని మూటవైపు చూశాడు.

ఇసుక వయసు గురించి అడుగుతున్నాడనుకుంది షారోన్. "బాగా పెద్దదండి" అంది.

"అంత వయసున్నా మనకి కష్టమేలెండి. రేవుకేనా?"

"అవునండి. అక్కడ నదిలోకి వెళ్ళడానికి పడవ దొరుకుతుందా అండి?"

"అవన్నీ మీరు చూసుకోవద్దమ్మా. మా పంతులుగారున్నారు, ఫోన్ చేస్తాను. ఏమనుకోవద్దు, అది మాత్రం లోపలికి తేకండి. చెట్టుకి కట్టండి."

"నీడకి కట్టమంటున్నాడే, ఎంత తెలివైనవాడో చూడు" అని నేను మెచ్చుకుని, బయట వేపచెట్టు కొమ్మకి మూట కట్టొచ్చాను. ఇడ్లీ, కారప్పొడి, మీద నెయ్యి. బిల్లు ఇవ్వబోతే హోటలాయన చేతులు జోడించాడు. "ఈ ప్రయాణంలో మీ దగ్గర తీసుకోనండి." శాస్త్రం మీద ఇంత గౌరవం తెనాలిలో లేదు, దీన్ని చూసి నేర్చుకోవాలని ఆటోలో దారి పొడుగునా షారోన్‌కి ఉపన్యాసమిచ్చాను.

పెనుమూడి: కృష్ణ ఒడ్డున గోత్రం

రేవు మెట్ల మీద పంతులుగారు మాకోసమే నిలబడి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, మంచి మాట. పడవ కూడా సిద్ధంగా ఉంది. షారోన్ చేతిలో మూటని తనే అందుకుని, "నువ్వు కాసేపు కూర్చో తల్లీ" అన్నారు. షారోన్ మొహమాటపడి ఇచ్చి, ఖాళీ గొట్టం తీసుకుని నీళ్ళ దగ్గరికి దిగింది.

"గోత్రం చెప్పండి" అన్నారు నాతో.

పడవ ఎక్కడానికి రాసుకుంటారు కాబోలనుకున్నాను. "గోత్రం లేదండి. మేం లూథరన్లమండి."

ఆయన నన్నోసారి తేరిపార చూశారు. ఆ తర్వాత ఎంతో దయగా, "అలాగా. ఫర్వాలేదండి, కృష్ణమ్మకి ఆ తేడాల్లేవు" అని, కింద కూర్చుని, తెల్లదారం విప్పి, నల్లగుడ్డ తొలగించి, గొట్టం మూతకున్న టేపు కొస గోరుతో లేపారు.

కింద మెట్టు మీదినుంచి షారోన్ పెట్టిన కేక అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. "తీయకండి! వెలుతురు తగిలితే చచ్చిపోతుంది!"

పంతులుగారు తలెత్తి, ఓదార్పుగా, "పోయినవాళ్ళు మళ్ళీ పోరు తల్లీ" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. మూడు రోజుల గడ్డం, తెల్లపంచె, వేపచెట్టు, నెయ్యి ఇడ్లీ, అన్నీ ఒకేసారి తట్టాయి. మా వాళ్ళలో పోయినవాళ్ళని మట్టిలోనే పెడతాం గనక అస్థికలు మూట కట్టే పనీ, చెట్టుకి కట్టే పనీ ఉండదు. ఇరుగుపొరుగున ఎన్నిసార్లు చూశాను! గొట్టం మీద పడి లాక్కున్నాను. పంచె కాలికి చుట్టుకుంది. నాచు మెట్టు జారింది. నడుముల్లోతు కృష్ణలో మునిగాను గాని గొట్టం పట్టుకున్న చెయ్యి మాత్రం నీళ్ళ పైనే ఉంచాను. షారోన్ నల్లగుడ్డ తెచ్చి గబగబా చుట్టేసింది.

సంగతంతా చెప్పాక పంతులుగారు చాలాసేపు నవ్వారు. పడవాయన పడవలోనే కూలబడి నవ్వాడు. దొరికిన సందులో షారోన్ కృష్ణ ఇసుక గొట్టం నింపుకుంది. పంతులుగారు మా దగ్గర ఒక్క రూపాయి ముట్టుకోలేదు. "రోజూ పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవాణ్ణి. ఆయన్ని చూసి ఎన్నేళ్ళయిందో ఇసుక గుర్తుపెట్టుకుంటుందని ఇవాళే విన్నాను. తెలిస్తే నాకూ చెప్పమ్మా" అన్నారు.

రేపల్లెలో రైలెక్కాక షారోన్ నవ్వు ఆగిపోయింది. గుడ్డ పైనుంచే వేళ్ళతో మూత తడిమి చూసింది. టేపు కొస ఊడింది. మూత కదిలిందో లేదో తెలీదు. మళ్ళీ పిట్టలవానిపాలెం వెళ్ళే వీల్లేదు, ఒక్క గొట్టమే అని మాటిచ్చాం.

"నావల్లే మావయ్యా. ఆయన చేతికి ఇవ్వకుండా ఉండాల్సింది" అంది.  స్టూడియోకి రాగానే డార్క్ రూమ్ తీసి, ఎర్ర బల్బు వేసి, కొత్త టేపు చుట్టి ఇచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఉల్లిపాయల మాట ఆ రోజు నుంచి మళ్ళీ ఎత్తలేదు.

మళ్ళీ పిట్టలవానిపాలెం: తేగల వేళ

చలికాలంలో ఒకరోజు షారోన్ ఫోన్ చేసింది. ఎత్తగానే అరిచింది. "వెలిగింది మావయ్యా! చివర్లు ఎలాగూ తీసి పారేస్తాం. లోపలి ఇసుక అలాగే ఉంది. చీకట్లో ఎంత దాచుకుందో చూడాల్సింది!"

వయసెంతో కూడా చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఇంకా పెద్దవాళ్ళు చూడాలట, అచ్చు కావాలట. సీతారావమ్మగారికి షారోన్ కాగితం రాసి పంపింది. కానీ అంకె చూస్తే ఆవిడకి ఏం తెలుస్తుందని ఆలోచించి, ఒక అత్తకి పాతికేళ్ళ చొప్పున లెక్కేశాను. కాగితం, ఫ్రేము కట్టిన ఫోటో పట్టుకుని, ఈసారి కొత్త ప్యాంటు వేసుకుని వెళ్ళాను.

ఆవిడ దిబ్బ మీద చిన్న గుంటలోంచి తేగలు తీస్తోంది.

"అక్కయ్యగారూ, తేలిందండి. మీ అత్తగారు, ఆవిడ అత్తగారు, అలా నూరుమంది అత్తల కిందట ఇక్కడ సముద్రం ఒడ్డు ఉండేదండి. ఈ దిబ్బ అప్పటిది."

"నూరుమందా! ఒక్క అత్తతో వేగేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి రవికలో పెట్టుకుంది. తర్వాత నవ్వు ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ చెప్పింది చాదస్తం కాదన్నమాట" అంది.

తేగలు కాల్చి, తొక్క ఒలిచి, వేడిగా నా చేతిలో పెట్టింది. తింటూ ఉండగానే ఆవిడ ఫోన్ మోగింది. వింటూ నావైపు చూసి కళ్ళతోనే 'లారీ' అని చెప్పింది. ఇదివరకటిలా కత్తి తీసుకోలేదు. కేకలూ వేయలేదు. తాపీగా కూర్చుని చెప్పింది.

"నాకిప్పుడేం అభ్యంతరం లేదు బాబూ, ఇచ్చేస్తాను. కానీ ఇది నా ఒక్కదానిది కాదంట, నూరుమంది అత్తల ఉమ్మడి ఆస్తంట. కాగితం కూడా వచ్చింది. ముందు వాళ్ళందరి దగ్గరా సంతకాలు పెట్టించుకురా. నాది చివర్లో పెడతాను."